వంటింటి గూళ్ళు, కడప బండలు

ఇక్కడ వ్రాసి చాలా కాలమైంది. ఆలస్యానికి సాహిత్యపరమైన కారణమేదో చెప్పి గౌరవం నిలుపుకుందామని ఉంది గాని, నిజమేమిటంటే 2025 వేసవిలో మా వంటిల్లు పడగొట్టి మళ్ళీ కట్టుకున్నాము. నలభై రోజులపాటు హాలులో ఒక మూల గ్యాసు పొయ్యి, స్నానాలగదిలో అంట్లు, నా పుస్తకాల బీరువాలో పోపులపెట్టె. శ్రీపాదవారి కథల సంపుటాలకు ఇంగువ వాసన ఇప్పటికీ వదలలేదు. ఆయన కథలకు అది నప్పుతుందని మా ఆవిడ సమర్థన.

ఇల్లు బాగుచేయించుకున్న ముచ్చట్లు వ్రాయడం నాకు అంతగా గిట్టదు. చదవడమూ గిట్టదు. కాని ఈ వ్యవహారంలో ఒక విషయం నన్ను స్థిమితంగా ఉండనివ్వడం లేదు. అది చెప్పాలంటే కొంచెం వెనుకకు వెళ్ళాలి.

2018లో గచ్చిబౌలిలో ఈ ఫ్లాటు తీసుకున్నప్పుడు బిల్డరు మాకు ఖాళీ ఇల్లు అప్పగించాడు. వంటింట్లో మాత్రం నల్ల గ్రానైటు గట్టు, దాని కింద నిలువుగా నిలబెట్టిన కడప బండలు, వాటి నడుమ అడ్డంగా మరికొన్ని బండలు ఉండేవి. వెరసి ఏడు గూళ్ళు. తలుపులు లేవు, అంతే. అలమరల పని ఒప్పుకున్న కుర్రవాడు వచ్చి, టేపు పెట్టి కొలిచి, "సార్, ఈ స్టోనంతా తీసేయాలి, లేకపోతే బాక్సులు కూర్చోవు" అన్నాడు. ఎందుకు కూర్చోవో నేను అడగలేదు. అప్పటికి నాకు గూడు అంటే పెట్టె అనే భ్రమ ఉండేది. ఒక్క పూటలో సుత్తిదెబ్బలకు ఏడు గూళ్ళూ ముక్కలై, గోనెసంచుల్లో కిందికి దిగిపోయాయి. వాటి చోట పెట్టెలు వచ్చాయి. లోపల తెల్లగా, బయట లేత ఆకుపచ్చగా, అద్దంలా మెరుస్తూ. ఇచ్చిన కరపత్రం మీద ఒక ఆకు బొమ్మ, పక్కన 'పర్యావరణహితం' అన్న మాట.

ఆ బండలు పగిలిన రోజున అమ్మ ఊళ్ళో ఉండడం నా అదృష్టం. మాది బేతంచర్ల వైపు పల్లె. మేము దానిని నాపరాయి అంటాము. హైదరాబాదులో నల్లనిదైతే కడప బండ, నీలిగానో పసుపుగానో ఉంటే తాండూరు బండ, బూడిదరంగుదైతే షాబాదు బండ. మా వైపు నేల మీద అదే, వసారా అరుగు అదే, బట్టలుతికే బండ అదే, పశువుల తొట్టి అదే, చాలా ఇళ్ళకు కప్పు కూడా అదే. వంటింట్లో గోడలో నుంచి చొచ్చుకువచ్చిన రెండు వరుసల నాపబండల మీద ఊరగాయ జాడీలు, పప్పుల డబ్బాలు, పైవరుసన వాడని ఇత్తడి సామాను ఉండేవి. ఆ బండలు మా తాత కట్టించినప్పటివి. నేటికీ అక్కడే ఉన్నాయి. చింతపండు పులుసు ఒలికిన చోట మాత్రం తెల్లని మచ్చలు (సున్నపురాయికి పులుపు పడదు). చిన్నప్పుడు ఆ మచ్చలలో నాకు ఒక ఒంటె, ఒక ఓడ కనబడేవి.

ఈ రాయికి భూగర్భశాస్త్రంలో మంచి పేరుంది. కడప జిల్లాలోని నార్జి అనే ఊరి పేరు మీద దానిని నార్జి సున్నపురాయి అన్నారు. భూమి మీద ఇంకా చెట్టూ చేమా పుట్టని కాలంలో, సముద్రపుటడుగున పొరలు పొరలుగా పేరుకున్నది. ఆ పొరల వెంబడే విడుతుంది గనుకనే ఉలీ సుత్తీ ఉన్న మనిషి దానిని పలకలుగా తీయగలిగాడు. జిగురు, బట్టీ, పూత ఏవీ అక్కరలేదు. బేతంచర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల ప్రాంతాలు ఈ రాయి మీదనే బ్రతికాయి, బ్రతుకుతున్నాయి.

మా కొత్త పెట్టెల సంగతికి వస్తాను. అవి పార్టికల్ బోర్డువి. అంటే చెక్కపేళ్ళనో, చెరకుపిప్పినో పొడిచేసి, జిగురు కలిపి, వేడి మీద అదిమి తీసిన పలక. సూత్రరీత్యా మంచి ఆలోచనే. పారవేయవలసిన పొట్టుకు విలువ కల్పించడం. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీలో మంచి కలపకు కరవు వచ్చినప్పుడు ఇది కర్మాగారాలకెక్కింది. అయితే ఆ జిగురు సామాన్యంగా యూరియా ఫార్మాల్డిహైడు. పలక బరువులో నూటికి ఎనిమిది పది పాళ్ళు అదే ఉంటుంది. ఎనిమిదడుగులు పొడవు, నాలుగడుగులు వెడల్పు, పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక పలకలో మూడు కిలోల జిగురన్నమాట. దానిలోంచి ఫార్మాల్డిహైడు వాయువు నెమ్మదిగా, ఏళ్ళ తరబడి వెలువడుతూనే ఉంటుంది. వేడీ తేమా తగిలితే జిగురు విడిపోయి మరింత వెలువడుతుంది. వేడీ తేమా లేని తెలుగువారి వంటిల్లు ఎక్కడైనా ఉంటుందా? ఇడ్లీ ఆవిరి, కుక్కరు ఈలలు, చారు పొంగు, పైన చిమ్నీ ఉన్నా వేయడం మరచిపోయే మాబోటివాళ్ళు.

మొదటి నెలలో గిన్నెల అర తెరిస్తే కళ్ళు మండేవి. కొత్త వాసన అనుకున్నాము. మనకు కొత్తవాసన అంటే ఒక మోజు కూడాను. అమ్మ వచ్చి ఒకసారి అర తెరిచి, ముక్కు చెంగుతో మూసుకొని, "ఆసుపత్రి వాసనరా ఇది" అన్నది. శవాలను చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ఈ ఫార్మాల్డిహైడు ద్రావణమేనని ఆమెకు తెలియదు. ముక్కుకు తెలిసింది.

ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2004లోనే ఫార్మాల్డిహైడును మనుషులకు క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఆ నిర్ణయానికి ఆధారమైన పరిశీలనలు ముఖ్యంగా దానితో రోజంతా పనిచేసే కార్మికులవి. వంటింటి మోతాదుకు బెంబేలెత్తి ఇల్లు వదిలి పొమ్మని నేను అనను. కిటికీలు తీసి ఉంచితే చాలావరకు పోతుంది. తక్కువ వెలువరించే పలకలకు ఐరోపాలో ఇ1 అనే తరగతి ఉంది, మన దగ్గరా అడిగితే దొరుకుతాయి. నా ఫిర్యాదు వేరు. నేను అడగలేదు, వారు చెప్పలేదు, ఆకు బొమ్మ చూసి ఇద్దరమూ తృప్తిపడ్డాము.

ఆరేళ్ళకే సింకు కింది పెట్టె అడుగు బూరెలా ఉబ్బింది. తరువాత పక్కది. కీళ్ళ మరలు పట్టు వదిలాయి. పొట్టుపలకలో మర ఒకసారి ఊడితే మళ్ళీ అదే చోట పట్టదు. వడ్రంగిని పిలిస్తే చూసి, "దీనికి మరమ్మత్తు లేదు సార్, కొత్తది పెట్టించుకోండి" అన్నాడు. ఆ మాట నన్ను గట్టిగా తాకింది. కుర్చీ కాలు విరిగితే మేకు కొట్టే, బిందెకు చిల్లుపడితే మాటు వేయించే, జాడీ మూత పగిలితే గుడ్డ కట్టే వంశంలో పుట్టినవాణ్ణి నేను. బాగుచేయడానికి వీలులేని వస్తువును ఇంటికి తెచ్చుకొని, దానికి పర్యావరణహితమని పేరు పెట్టుకున్నాను.

చెక్క వాడడమే తప్పని కొందరు మిత్రులు వాదిస్తారు. నేను ఒప్పుకోను. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తరువాత ఈశాన్య రాష్ట్రాల అడవుల మీద ఆధారపడిన ప్లైవుడ్ మిల్లులు మూతపడ్డాయి. అప్పటినుంచి మన ప్లైవుడ్ చాలావరకు రైతుల పొలాల్లో పెరిగిన చెట్లదే. ఉత్తరాన పోప్లారు, మన వైపు జామాయిలు. ప్రకాశం, ఖమ్మం జిల్లాలలో జామాయిలూ సుబాబులూ వేసుకొని నాలుగేళ్ళకొకసారి కొట్టి అమ్ముకునే రైతులు నాకు తెలుసు. వారి బ్రతుకుతెరువును నేను తప్పుపట్టలేను. చెట్టు పెరగడానికి ఎంతకాలం పట్టిందో వస్తువు అంతకాలమైనా మన్నాలని ఒక లెక్క వేసుకున్నాను. ఆ లెక్కన మా ఆరేళ్ళ పెట్టె నాలుగేళ్ళ జామాయిలు మీద నెగ్గినట్టే! లెక్క నా మీదికే తిరగబడింది. చెట్టు తిరిగి మొలుస్తుంది సరే, చెట్టుతోపాటు పలకలోకి చేరిన జిగురు సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

దుకాణాల్లో ఇప్పుడు ఆకు బొమ్మ ఇంకొక దాని మీదికి మారింది. చెక్కే లేదు, చెట్టు కొట్టనే లేదు అని చెప్పి అమ్మే పి.వి.సి. పలకలు. చెదలు పట్టవు, నీటికి ఉబ్బవు. నిజమే. కాని చెట్టును కాపాడి ప్లాస్టిక్కును వంటింటి నిండా పరచుకోవడం ఏ హితమో నాకు బోధపడలేదు. నీరు తగిలే చోట చెక్క తప్పనిసరైతే ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ మేలు. దాని జిగురు ఫినాలు రకం, మరగబెట్టినా విడదు, ఫార్మాల్డిహైడునూ చాలా తక్కువగా వదులుతుంది. కోసిన అంచున పొరల మధ్య ముదురు గోధుమరంగు గీతలు కనిపిస్తాయి. (రంగు కలిపిన మామూలు జిగురుతో అవే గీతలు చూపించే ఘనులూ ఉన్నారు. ముద్ర చూసి కొనండి.)

మాకు కూతవేటు దూరంలో, కొత్తగూడ పక్కన, సి.ఐ.ఐ. వారి సోరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రం ఉంది. 2004 జూలై 14న అబ్దుల్ కలాంగారు దానిని ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనం అదే. ఆ గుర్తింపు పద్ధతిలో యూరియా ఫార్మాల్డిహైడు కలపని పలకలు వాడితే ప్రత్యేకంగా ఒక మార్కు ఉండేది. అంటే ఈ సంగతి మా పేటకు తెలియనిదేమీ కాదు. మా చుట్టుపక్కల హరిత భవనాలకు కొదవలేదు. కాని బిల్డరు అప్పగించేది ఖాళీ ఇల్లు, గుర్తింపూ ఆ మేరకే. తాళాలు చేతికి వచ్చిన మరునాటి నుంచి లోపలికి మోసుకువచ్చే లారీల పలకలను ఎవరూ లెక్కించరు. గేటు దగ్గర పచ్చని ఫలకం, లిఫ్టులో ఆసుపత్రి వాసన.

మా ఇళ్ళు నిలిచిన చోటును కూడా తలచుకోవాలి. ఇక్కడి గుట్టల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలంటారు. వాటిని పేల్చి, చదును చేసి, ఆ మీద ఆరేళ్ళు మన్నే అలమరలు పెట్టుకున్నాము. 2025 మార్చి నెలాఖరున కంచ గచ్చిబౌలిలో బుల్డోజర్లు చెట్లను పడగొడుతున్నప్పుడు మా అపార్టుమెంటు వారందరమూ ఉద్రేకపడ్డాము. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమన్నప్పుడు సంతోషించాము. ఆ ఉద్రేకం నిజమైనదే, నేనూ అందులో ఉన్నాను. ఆ రెండు వారాలలోనే మా ఒక్క బ్లాకులో మూడు వంటిళ్ళు పగిలాయి. రంగు పాతబడిందని రెండు, ఉబ్బిందని మాది ఒకటి. వాటి గురించి ఎవరమూ ఒక్క మాట అనుకోలేదు.

ఇక నన్ను స్థిమితంగా ఉండనివ్వని విషయం.

మా పాత పెట్టెలను పనివాళ్ళు విరగగొట్టి సెల్లారులో ఒక మూల పేర్చారు. పాత సామాను కొనేవాడు వచ్చి కీళ్ళూ పిడులూ తీసుకొని, పలకలను కాలితో తన్ని చూసి వెళ్ళిపోయాడు. చెత్తబండి అబ్బాయి ఇది తమది కాదన్నాడు. పదిరోజులకు కుప్ప సగమైంది. ఎవరో తీసుకుపోయారు, పీడా వదిలింది అనుకున్నాను. ఒక ఉదయం నడకకు దిగితే సెల్లారు వెనుక ర్యాంపు కింద వాచ్‌మన్ కుటుంబం స్నానాలకు నీళ్ళు కాచుకుంటున్నది. మూడు ఇటుకల పొయ్యి. పొయ్యిలో మా వంటింటి తలుపు. లేత ఆకుపచ్చ పూత బుడగలు కట్టి, నల్లని పొగ. పక్కన వాళ్ళ చిన్నపాప చలికి పొయ్యికి దగ్గరగా జరిగి, కళ్ళు నులుముకుంటూ కూర్చున్నది.

"పారేయడానికి మనసొప్పలేదు బాబూ, పొయ్యిలోకి పనికొస్తాదని ఉంచినాను" అన్నాడతను. వాళ్ళది విజయనగరం వైపు. నాకు మాట రాలేదు. వస్తువును పారవేయడానికి మనసొప్పని మనిషి ఆ అపార్టుమెంటు మొత్తానికి అతనొక్కడే.

ఆ పలక మంటలో ఏమేమి వెలువడతాయో తరువాత చదివాను. జిగురులోని ఫార్మాల్డిహైడు, నత్రజని ఉంది గనుక సరిగా మండకపోతే హైడ్రోజన్ సయనైడు, అంచుల ప్లాస్టిక్కు పట్టీ నుంచి హైడ్రోజన్ క్లోరైడు. నేను ఆరేళ్ళు కిటికీలు తీసి తప్పించుకున్న వాసన ఆ పిల్ల ముక్కులోకి ఒక్క చలికాలపు ఉదయంలా పోతున్నది. వేసవే అయినా ఆ సెల్లారులో తెల్లవారుజామున చలిగానే ఉంటుంది.

మిగిలిన పలకలన్నీ అతని దగ్గర అడిగి తీసుకున్నాను. బదులుగా అడితి నుంచి రెండు బస్తాల తుమ్మకట్టెలు తెప్పించి ఇచ్చాను. "ఇవి బాగున్నాయి కదా బాబూ, ఎందుకు తీసుకెళ్తున్నారు" అని అడిగాడు. చెప్పాను. అర్థమైనట్టు తల ఊపాడు గాని, డబ్బున్నవాడి చాదస్తమనుకున్నాడని నా అనుమానం.

అప్పుడు నిశ్చయించుకున్నాను, ఈసారి పెట్టెలు వద్దని. ఇంతకూ వంటింటి గూటికి పెట్టె ఎందుకు? అడుగు, పక్కలు, నడుమ అరలు బండే ఇస్తుంది. కావలసింది ముందు తలుపు. మా పాత వంటింటికి పట్టిన పలకలలో మూడు వంతులు ఎవరికీ కనబడని పెట్టెలకే పోయాయి. ఆ పెట్టెల కోసమే మంచి బండలు పగిలాయి. ఒక్కరైనా "ఈ బండలకే తలుపులు బిగిద్దాం" అని ఉంటే కథ అక్కడే ముగిసేది. కాని పెట్టెలు అమ్మేవారు ఆ మాట ఎందుకంటారు?

1926లో ఫ్రాంక్‌ఫర్టు నగరంలో కార్మికుల ఇళ్ళకోసం మార్గరెటె షూటె-లిహోట్స్కీ అనే వాస్తుశిల్పి ఒక చిన్న వంటిల్లు రూపొందించారు. నేటి మాడ్యులర్ వంటిళ్ళన్నిటికీ అది తల్లి వంటిది. దానిలో పిండి నిలువచేసే అరలను ఓకు చెక్కతో చేయించారు. ఆ చెక్కకు పిండిపురుగు దూరంగా ఉంటుందని. ఎక్కడ ఏ పదార్థం పనికివస్తుందో చూసి పెట్టడం ఆమె ఆలోచన. మనకు చేరినది కొలతల పట్టిక మాత్రమే. పిండిపురుగుకు ఓకు చెక్క ఆమె ఎలా ఎంచుకున్నారో, ఆవిరికీ నీటికీ మన పెద్దలు నాపరాయిని అలాగే ఎంచుకున్నారు.

కడప బండలు బిగించే మేస్త్రీ దొరకడానికి మూడు వారాలు పట్టింది. పాలమూరు మనిషి, అరవై దాటినవాడు. "ఇప్పుడెవరు పెట్టిస్తున్నరు సార్, అందరు పీకిపిస్తున్నరు" అని నవ్వాడు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న బండ దాదాపు యాభై కిలోలు తూగుతుంది. ఇద్దరు మోయాలి. గోడలో గాడి కొట్టి, బండను దూర్చి, సిమెంటు కూరి, రెండు రోజులు తడిపారు. ముందరి అంచున పాత టేకు చట్రం, దానికి పాత టేకు తలుపులు. పడగొట్టిన ఇళ్ళ ద్వారబంధాలు అమ్మే అడితిలో కొన్నాము. ఒక తలుపు మీద ఎవరి ఇంటి పసుపో ఇంకా పసుపుగానే ఉంది. మా ఆవిడ దానిని గీకనివ్వలేదు. బండలకూ బిగింపు కూలికీ కలిపి అయిన ఖర్చు పాత పెట్టెల ఖర్చులో నాలుగో వంతు కూడా కాలేదు. టేకు తలుపులు మాత్రం ఆ మిగులును తిన్నాయి.

ఇబ్బందులు లేవని అనను. స్టీలు గిన్నె బండ మీద పెడితే చప్పుడు. సొరుగులు అమర్చడం కష్టం, రెండింటితో సరిపెట్టుకున్నాము. అరల ఎత్తు మార్చుకోలేము. మూలల్లో తెల్లసిమెంటు సరిగా పూయకపోతే బొద్దింకలకు నివాసం. అద్దె ఇళ్ళవారికి ఈ సలహా పనికిరాదు. ఇక రాయి తవ్వడం పుణ్యకార్యమేమీ కాదు. తాండూరులో రోడ్ల పక్కన వ్యర్థపు రాతిగుట్టలు చూసినవారికి, పాలిషు యంత్రాల బురద చెరువుల్లోకి పోవడం చూసినవారికి, ఆ దుమ్ములో పనిచేసేవారి దగ్గు విన్నవారికి అది తెలుసు. మా బంధువులలోనే ఉన్నారు. అందుకే కొత్త బండ కొనడం కంటే ఉన్న బండను పగలగొట్టకపోవడం గొప్ప. 2018లో పగలగొట్టినవాణ్ణి కనుక నాకు ఆ గొప్ప దక్కలేదు. పగిలిన బండకు సైతం ఒక గతి ఉంటుంది, పునాదుల్లో పోయవచ్చు, జీడిమెట్లలో 2020 నుంచి నిర్మాణ వ్యర్థాలను పిండిచేసి మళ్ళీ వాడకానికి ఇచ్చే కేంద్రం ఉంది. ఉబ్బిన పొట్టుపలకకు ఆ దారి లేదు.

మీలో ఎవరైనా ఇల్లు కొని తాళాలు అందుకొని ఉంటే, వంటింటి గట్టు కింద బండలున్నాయేమో ఒక్కసారి వంగి చూడండి. ఉంటే సుత్తి లోపలికి రానివ్వకండి.

అమ్మ దసరాకు వచ్చి కొత్త గూళ్ళు చూసింది. మెచ్చుకుంటుందనుకున్నాను. చేత్తో తడిమి, "మళ్ళీ ఇదే పెట్టిచ్చేదానికి అప్పుడు అంత డబ్బెందుకు పోసినావురా" అని ఆవకాయ జాడీ ఎత్తి పై అరలో పెట్టింది.

వాచ్‌మన్ దగ్గర తీసుకున్న పలకలు, లెక్కబెడితే ఇరవై మూడు, సెల్లారులో నా కారు వెనుక గోడకు ఆనించి ఉన్నాయి. కాల్చలేను, పారవేయలేను, ఎవరికీ ఇవ్వలేను. కారు పెట్టినప్పుడల్లా వెనుక అద్దంలో కనిపిస్తాయి. వీటికి ఎక్కడైనా ఒక మార్గం ఉందని మీకు తెలిస్తే, దయచేసి వ్యాఖ్యలో చెప్పగలరు.